‘ణ’ దగ్గర ఆగిన చెయ్యి

మా ఊరి రామమందిరం వెనక పొడుగాటి గది ఒకటి ఉంది. ఆదివారాలు అందులో పదిహేనిరవై మంది పిల్లలకు తెలుగు అక్షరాలు చెబుతుంటాను. హోసూరు చుట్టుపక్కల ఊళ్ళ సంగతి ఈ పత్రిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ తెలుగు అక్షరం గుర్తుపట్టలేని పిల్లలు మా వీధిలోనే కావలసినంత మంది ఉన్నారు. ఆ బాధ మీద ఇదివరకే చాలామంది రాశారు, నాకన్నా బాగా రాశారు. ఇప్పుడు నేను చెప్పబోయేది నా కుడి భుజం సంగతి.

పోయిన సంక్రాంతికి ముందు ఆ గదికి వెల్ల వేశారు. తెల్లటి గోడలు చూడగానే నాకొక బుద్ధి పుట్టింది. కిటికీల పైన, గది చుట్టూ పట్టీ కట్టినట్టు, జానెడున్నర ఎత్తు అక్షరాలు నీలం రంగుతో రాస్తే పిల్లలు ఎటు తల తిప్పినా తెలుగే కనిపిస్తుంది కదా అని. ఒక డబ్బా రంగు, రెండు కుంచెలు కొన్నాను. బల్ల ఎక్కితే కుంచె ముంచడానికి మాటిమాటికీ దిగాలి. ఆ బద్ధకంతో నేలమీదే నిలబడి, మునివేళ్ళ మీద లేచి, చెయ్యి పూర్తిగా పైకి చాచి రాశాను. రెండు రోజులు అలాగే రాశాను. అచ్చులు అయ్యాయి. ఌ, ౡ వదిలేశాను. ఆపైన ‘క’ నుంచి ‘ణ’ దాకా అన్నీ కలిపి 31 అక్షరాలు. ‘ణ’ చివరి మెలిక తిప్పుతుండగా భుజంలో ఏదో కలుక్కుమంది. కుంచె కడుక్కుని ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి కుడివైపు తిరిగి పడుకోబోతే తెలిసింది, ఇది మామూలు అలసట కాదని.

ముప్పయ్యేళ్ళు నల్లబల్ల మీద రాసిన చెయ్యి కదా, దానికేమవుతుందని నా పొగరు. పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆ చెయ్యి కాఫీ గ్లాసును మించిన బరువును భుజం దాటి పైకి ఎత్తిందేమీ లేదు. ఆదివారం పిల్లలకు నేర్పేది కూడా చాప మీద కూర్చుని పలకల మీదే. ఈ లెక్క నాకు తర్వాత ఇంకొకరు వేసి చెప్పాల్సి వచ్చింది.

మొదటి నెలంతా సలహాల నెల. భుజం నొప్పి అని ఒకరితో అంటే చాలు, పది మంది వైద్యులు తయారవుతారు. మా బావమరిది పుత్తూరు కట్టు కట్టించుకొద్దాం పద అన్నాడు. అది విరిగిన ఎముకకురా, నాకు విరిగిందేమీ లేదురా అంటే, వెళ్తే గదా తెలిసేది అన్నాడు. ఆముదం రాశారు, ఇసుక వేయించి మూట కట్టి కాపడం పెట్టారు. వెచ్చగా హాయిగా ఉండేది, మూట చల్లారేదాకా. చొక్కా తొడుక్కోవడం, తల దువ్వుకోవడం, వెనక జేబులోంచి పర్సు తీయడం, ఇవన్నీ ఒక్కొక్కటే పెద్ద పనులై కూర్చున్నాయి. చెయ్యి కిందనుంచి మోచెయ్యి ఎత్తుదాకా బాగానే వస్తుంది, భుజం ఎత్తు దగ్గరికి వచ్చేసరికి పట్టుకుంటుంది, అది దాటించగలిగితే పైన మళ్ళీ కొంచెం నయం. ఆ మధ్యలో ఉన్న గడప ఏమిటో నాకు అంతుబట్టలేదు.

చివరికి బెంగళూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. ఎం.ఆర్.ఐ. తీశారు. రిపోర్టు తెచ్చి ఇచ్చిన కుర్రవాణ్ణి ఏముందయ్యా ఇందులో అని అడిగితే, కాగితం మీద వేలు పెట్టి కన్నడంలో ‘హరిదిదె’ అన్నాడు. లోపల డాక్టరుగారు ఇంగ్లీషులో వివరంగానే చెప్పారు. రొటేటర్ కఫ్ అన్నారు, పాక్షికంగా టేర్ అన్నారు, ఎముక కొన కాస్త చెక్కి కావాలంటే కుట్టవచ్చునన్నారు, తొందరేమీ లేదు ఆలోచించుకోండి అని కూడా అన్నారు. ఆ చివరి మాట నా చెవికెక్కలేదు. ‘హరిదిదె’ దగ్గరే నా చెవి ఆగిపోయింది.

బస్సులో తిరిగి వస్తూ ఆ మాటను తెలుగులోకి మార్చుకున్నాను. చిరిగింది. అత్తిబెలె దాటేసరికి అది ‘తెగింది’ అయింది. ఇంటికి చేరి మా ఇంటావిడకు చెప్పేటప్పటికి ‘నరం తెగింది’ అయింది. సాయంత్రానికి ఊరంతా మాస్టారికి నరం తెగిందంట అనుకుంటున్నారు. మనకు నరమంటే అన్నీ నరాలే కదా! నెత్తురు పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండను ఎముకకు కట్టి ఉంచేదీ నరమే. తమిళంలో నరంబు, కన్నడంలో నర, అక్కడా ఇదే తంతు. మూడో దాన్ని పుస్తకాల్లో స్నాయువు అంటారని నాకు తెలుసు, పిల్లలకు చెప్పినవాణ్ణే. కానీ భయం వేసినప్పుడు మనిషి పుస్తకాల భాషలో భయపడడు.

మా ఇంటావిడ మాత్రం డాక్టరు చెప్పిన రెండు మాటల్లో ఒకటి గట్టిగా పట్టుకుంది. ‘‘కఫ్ అన్నారు కదా. కఫం భుజంలోకి దిగిందేమో’’ అని వారం రోజులు మిరియాల కషాయం పోసింది. భుజానికి ఏమీ కాలేదు గానీ గొంతు శుభ్రపడింది.

తెగినదాన్ని కదిపితే ఇంకా తెగుతుంది కదా అని, తుండుగుడ్డ మెడకు కట్టి చెయ్యి అందులో వేసుకుని రెండు నెలలు తిరిగాను. అన్నం ఎడమచేత్తో స్పూను పెట్టి తిన్నాను. ఆదివారం పిల్లలకు నోటితో చెప్పడమే, రాయడం లేదు. ఒకరోజు అందరికన్నా చిన్నది, రెండో తరగతి పిల్ల, గోడవైపు చూసి, ‘‘సార్, తెలుగులో మొదటి అక్షరమే గోడ మీద లేదు’’ అంది. చూద్దును కదా, నిజమే. నేను ఆపింది ‘త’ ముందర.

ఉగాది వెళ్ళాక హోసూరులో ఒక మందుల దుకాణం పైన చిన్న గదిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ధర్మపురి వైపు పిల్ల, తమిళం తప్ప రాదు. మొదట తుండుగుడ్డ విప్పించింది. తర్వాత కాగితం ముందు పెట్టుకుని, ‘‘ఎప్పిడి వలిక్కుదు అయ్యా?’’ అంది. ఎలా నొస్తుంది అని. వలిక్కుదు అన్నాను. అది తెలుసు, ఎలా అని మళ్ళీ అడిగింది. కుత్తుదా, కుడైయుదా, ఇళుక్కుదా, ఎరియుదా అని తనే వరస చెప్పింది. తమిళంలో నొప్పికి మాటలు లేక కాదు, నా దగ్గర లేక. నాది ఆఫీసు తమిళం. సర్క్యులరు చదవగలను, జీతం బిల్లు రాయగలను, నొప్పి చెప్పుకోలేను. ముప్పయ్యేళ్ళు ఆ భాషలో సంతకాలు పెట్టినవాడికి ఆ సంగతి అప్పుడు తెలియడం కొంచెం సిగ్గనిపించింది.

‘‘మీ భాషలోనే చెప్పండి అయ్యా, నేను రాసుకుంటాను’’ అంది.

అప్పుడు ఆలోచించి చెప్పడం మొదలుపెట్టాను. పగలు చెయ్యి ఎత్తితే కలుక్కుమంటుంది. రాత్రి పడుకుంటే సలుపుతుంది. భుజం నుంచి దండచేతి మధ్యదాకా గుంజుతుంది. పోటు కాదు, పోటు పంటికి, పుండుకి. తీపులు కాదు, అవి నడిచిన కాళ్ళకు. మంట లేదు, తిమ్మిరి లేదు, జివ్వుమని వేళ్ళదాకా పాకడం లేదు. ఆమె ఒక్కొక్క మాటకూ నన్ను ఒళ్ళు తాకి చూపించమంది, అర్థమయ్యాక తమిళ లిపిలో రాసుకుంది. తమిళంలో ప, బ ఒకే అక్షరం కనుక తిరిగి చదివినప్పుడు ‘సలుబు’ అంది. దిద్దాను. మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఈ మాటల వల్ల ఒరిగేదేమిటని అప్పుడు అనుకున్నాను. తరువాత ఆమే చెప్పింది. మంట, తిమ్మిరి, మోచెయ్యి దాటి వేళ్ళలోకి దిగే జివ్వు ఉంటే మెడలోని నరం మీద అనుమానం పడాలట, ఇది అసలు నరం. నావి ఆ మాటలు కావు. ఇక మిగిలింది భుజం బిగుసుకుపోయే జబ్బు, ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, షుగరు ఉన్నవాళ్ళకు ఎక్కువ వస్తుంది. అది కాదని తేల్చడానికి నన్ను వదులుగా ఉండమని, తనే నా చెయ్యి పట్టుకుని మెల్లగా ఎత్తింది, మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పింది. వెళ్ళింది! నేను ఎత్తితే రాని చెయ్యి ఆమె ఎత్తితే వచ్చింది. కీలు బిగుసుకోలేదు, ఎత్తే కండలకే పని చేతకావడం లేదు అంది.

రొటేటర్ కఫ్ ఏమిటో ఆమె ప్లాస్టిక్ బొమ్మ పెట్టి చూపించింది. నేను అర్థం చేసుకున్నది మా హోసూరు తేరు మీద పెట్టి చెబుతాను. తొంటి కీలులో ఎముక గుండు లోతైన గుంటలో కూర్చుంటుంది, కల్వంలో గుండులాగా. భుజంలో అలా కాదు. ప్రమిద మీద పెట్టిన నిమ్మకాయ. గుంట చిన్నది, గుండు పెద్దది. అందుకే చెయ్యి అన్నివైపులకూ తిరుగుతుంది, అందుకే జారిపోయే బెడదా ఉంది. దాన్ని నాలుగు చిన్న కండలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. వాటి స్నాయువులు కలిసి చొక్కా చేతి అంచులాగా గుండును చుట్టుకుంటాయి కనుక కఫ్ అన్నారు. మిరియాల కషాయానికి సంబంధం లేదు.

చంద్రచూడేశ్వరుని తేరు చూసినవారికి తెలుసు. ముందర మోకులు పట్టి వందల మంది లాగుతారు. కానీ తేరు వీధి మధ్యన పోవాలంటే చక్రాల దగ్గర కట్టెలు పట్టుకుని కూర్చునే నలుగురైదుగురు కావాలి. వాళ్ళు సమయానికి కట్టె వేయకపోతే లాగేవాళ్ళ బలమే తేరును ఎవరింటి చూరుకో తగిలిస్తుంది. భుజం మీద గుండ్రంగా కనిపించే పెద్ద కండ మోకు లాగే జనం. లోపలి నాలుగూ కట్టెలు వేసేవాళ్ళు. చెయ్యెత్తేటప్పుడు పెద్ద కండ ఎముక గుండును పైకి లాగుతుంది, ఈ నాలుగూ దాన్ని ప్రమిదలోకి నొక్కి పట్టి మధ్యన ఉంచుతాయి. నేను ఆరేళ్ళు ఊరికే కూర్చోబెట్టిన ఆ నలుగురి చేత రెండు రోజులు తెల్లవార్లూ తేరు నడిపించాను.

‘‘మరి తెగింది కదమ్మా?’’ అన్నాను.

రిపోర్టు చూసింది. నా చొక్కా కాలరు పట్టుకుని చూపించింది. మడత దగ్గర అరిగి పీచు లేచి ఉంది. ‘‘ఇది చిరిగిందా అయ్యా?’’ అంది. అరిగిందన్నాను. ‘‘మరి తొడుక్కుంటున్నారు కదా!’’

ఆ పూట నాకు నాలుగు కాగితాలు ఇచ్చింది. ఇంటికి తెచ్చి నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కుని చదివాను. 2011లో అచ్చయిన ఒక పరిశీలనలో, 40 నుంచి 70 ఏళ్ళ మధ్య ఉన్న, భుజంలో ఏ నొప్పీ లేని 51 మంది మగవాళ్ళకు అల్ట్రాసౌండ్ తీసి చూస్తే 96 శాతం మందిలో ఏదో ఒక తేడా కనబడిందట. నొప్పి లేనివాళ్ళకే! వాళ్ళలో ఎవరినైనా పిలిచి ‘హరిదిదె’ అని చెప్పి ఉంటే ఏమై ఉండేదో. ఎముక చెక్కడం గురించీ చదివాను. చూరు కిందకు దిగి స్నాయువును రాస్తోంది కనుక చూరు చెక్కాలని అమెరికాలో నీర్ అనే సర్జన్ 1972లో రాశాడు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. నలభై అయిదేళ్ళ తర్వాత బ్రిటన్‌లో పరీక్షించి చూశారు, ఫలితం 2018 లాన్సెట్‌లో వచ్చింది. స్నాయువు పూర్తిగా తెగని 313 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నిజంగా ఎముక చెక్కారు. ఇంకో గుంపుకు గొట్టం పెట్టి లోపల చూసి, ఏమీ చెక్కకుండానే కుట్టేశారు. మూడో గుంపుకు ఏ ఆపరేషనూ లేదు. చెక్కినవారికీ, చెక్కినట్టు నటించినవారికీ ఆరు నెలల తర్వాత తేడా లేదు. ఏదీ చేయించుకోనివారికన్నా ఇద్దరూ కాస్త మెరుగే గానీ, రోగికి చెప్పుకోదగినంత మెరుగు కాదు.

ఇక్కడొక మాట చెప్పకపోతే తప్పవుతుంది. కిందపడో, బరువు జారో ఒక్కసారిగా స్నాయువు పూర్తిగా తెగి చెయ్యి లేవకుండా పోయినవారి సంగతి వేరు. వాళ్ళు త్వరగా సర్జన్ దగ్గరికి పోవలసిందే. నా కాలరు కథ వాళ్ళకు పనికిరాదు.

వ్యాయామం అంటే ఏదో పెద్దది ఊహించుకున్నాను. మొదటి రెండు వారాలు ఆమె చేయించింది చూసి మా బావమరిది నవ్వాడు. మోచెయ్యికీ ఒంటికీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టుకుని, చేతి వెనకభాగాన్ని ద్వారబంధానికి ఆనించి తోయడం. బంధం కదలదు, చెయ్యీ కదలదు, కండ మాత్రం పనిచేస్తుంది. అర నిమిషం తోయడం, ఆగడం, అయిదు సార్లు. తరువాత అరుగు మీద గుడ్డ వేసి దాని మీద అరచెయ్యి పెట్టి ముందుకు జరపడం, అరుగు తుడిచినట్టు. మా ఇంటావిడ ఎలాగూ తుడుస్తున్నారు కదా అని వంటింటి గట్టు కూడా చూపించింది. తరువాత గోడెక్కడం, అంటే వేళ్ళతో గోడ మీద పాకించుకుంటూ చెయ్యి పైకి తీసుకుపోవడం. ఎంతదాకా వెళ్ళిందో పెన్సిలుతో గీత పెట్టేవాణ్ణి. మొదటి గీత నా గడ్డం ఎత్తున ఉంది. ఆ తరువాత రబ్బరు పట్టీలు, థెరాబ్యాండ్ అంటారు. పసుపు మెత్తనిది, ఎరుపు దానికన్నా గట్టిది, ఆకుపచ్చ ఇంకా గట్టిది. కిటికీ ఊచకు కట్టి లాగడం.

నొప్పికి ఆమె పెట్టిన నియమం నాకు అన్నిటికన్నా వింతగా తోచింది. అసలు నొప్పి లేకుండా చేయమనలేదు. పదికి మూడో నాలుగో అయితే ఫరవాలేదు, మరునాటి పొద్దుటికి సర్దుకుంటే సరి, సర్దుకోకపోతే చేసింది ఎక్కువైందని లెక్క, ఒక మెట్టు దిగండి అంది. నొప్పి అంటే అపాయమని చిన్నప్పటినుంచి నమ్మినవాడికి ఇది అంత తేలిగ్గా ఎక్కదు. అయిదో వారంలో కాస్త బాగుందని నేనే పసుపు పట్టీ వదిలి ఆకుపచ్చ పట్టీ లాగాను, మధ్యలో ఎరుపును దాటేసి. మూడు రాత్రులు సలిపింది. తుండుగుడ్డ మళ్ళీ మెడకు కట్టుకున్నాను కూడా. ‘‘తెగిపోయిందేమో’’ అని ఆమెకు ఫోను చేస్తే, ‘‘సలుపా, కలుక్కా?’’ అని అడిగింది, ‘ప’ను సరిగ్గా పలుకుతూ. సలుపే అన్నాను. ‘‘అయితే తుండు తీసేసి, రెండు రోజులు గుడ్డతో అరుగు తుడవండి అయ్యా’’ అంది.

వారానికి ఎన్నిసార్లు రమ్మంటావమ్మా అంటే, మొదటి నెలలో నాలుగుసార్లు, ఆపైన అవసరమైతే చాలంది. 2021లో బ్రిటన్‌లోనే 708 మంది మీద చేసిన పరీక్ష గురించి చెప్పింది. ఒక్కసారి కూర్చోబెట్టి బాగా వివరించి ఇంటిదగ్గర చేసుకోమన్నవాళ్ళూ, ఆరుసార్లదాకా పిలిచి చేయించినవాళ్ళూ ఏడాది తిరిగేసరికి ఒకేలా ఉన్నారట. తన ఆదాయానికి గండి కొట్టే కాగితాన్ని తానే చూపించే వైద్యుల్ని నేను ఎక్కువమందిని చూడలేదు.

పన్నెండు వారాలకు పెన్సిలు గీత తలదాటి ఒక జానెడు పైకి పోయింది. రాత్రి నిద్ర అంతకన్నా ముందే వచ్చింది, దండచేతి కింద దిండు పెట్టుకోవడం నేర్చుకున్నాక. వీపు వెనక్కి చెయ్యి ఇంకా పూర్తిగా పోదు. బనీను తొడిగేటప్పుడు అప్పుడప్పుడు కలుక్కుమంటూనే ఉంది.

ఈ కథంతా విని సాహిత్యం తెలిసిన మిత్రుడొకరు, ‘‘మాస్టారూ, ఇది మన తెలుగు కథే. వాడకపోతే బిగుసుకుపోతుంది’’ అన్నారు. భుజాన్ని భుజంగానే ఉండనివ్వండి అని బతిమాలుకున్నాను. రాత్రి రెండు గంటలకు సలుపుతున్నప్పుడు ఉపమానం కింద పెట్టుకోవడానికి పనికిరాదు, దిండు పనికొస్తుంది.

మొన్న ఒకసారి వెళ్ళినప్పుడు నా ముందు గులాబీ తోటలో పనిచేసే ఆవిడ కూర్చుని ఉంది. తమిళంలో అడిగిన ప్రశ్నలకు తల ఊపడమే తప్ప మాట్లాడడం లేదు. ఆ అమ్మాయి నోటుపుస్తకం తిరగేసి, కూడబలుక్కుంటూ, ‘‘సలుపుతుందా? గుంజుతుందా? కలుక్కుమంటుందా?’’ అంది. ఆవిడ ముఖం విప్పారింది. ‘‘అయ్యో, రెయ్యంతా సలుపే తల్లీ’’ అని మొదలుపెట్టి పావుగంట ఆపలేదు. సగం ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను చెప్పాను.

వినాయక చవితి వెళ్ళాక గోడ పని మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె షరతులు: బల్ల ఎక్కాలి, అక్షరం ఛాతీ ఎత్తుకు రావాలి, రంగు డబ్బా పక్కన స్టూలు మీద ఉండాలి, పూటకు నాలుగు అక్షరాలు మించకూడదు, మధ్యలో ఒక రోజు ఖాళీ. డబ్బా అందించడానికి ఆ రెండో తరగతి పిల్ల వస్తుంది. ‘త’ రాసిన రోజు అదే కుంచె పట్టుకుంటానని పేచీ పెట్టింది. తలకట్టు దాని చేతే పెట్టించాను, కాస్త వంకరగా వచ్చింది. నిన్న ‘శ’ దాకా వచ్చాం. నీలం రంగు అయిపోయింది, హోసూరు వెళ్ళి తేవాలి.